మైకుకు జానెడు దూరం

నల్లగొండ

పాలమూరులో ఉన్న మనుమరాలికి, మనుమడికి, వాళ్ళ పాటల జట్టు పిల్లలందరికీ తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీ నాయనమ్మ మోకాళ్ళ నొప్పి మామూలే.

మీరు వాట్సాప్‌లో పంపిన బతుకమ్మ పాట నాలుగుసార్లు విన్నాను. మొదట ఫోన్లో, తర్వాత నా పాత హెడ్‌ఫోన్స్‌లో, ఆ తర్వాత మీ బాబాయి కారులో, చివరికి మీ నాయనమ్మ పక్కన కూర్చుని. ఆమె సగం దాకా విని, "పాట మంచిగుంది గానీ ఏమంటున్నరు వీళ్ళు?" అని అడిగింది. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

నాకది కొత్త ప్రశ్న కాదు. మైకుసెట్టు పెట్టుకున్న కొత్తలో ఒక ఊళ్ళో ఒగ్గుకథ రికార్డు చేయమన్నారు. నా దగ్గర ఉన్నది ఒక్క మైకు, ఒక టేప్‌రికార్డర్. డోలు గంభీరంగా రావాలని మైకును డోలు దగ్గరికి జరిపాను. రాత్రంతా కథ నడిచింది. మర్నాడు క్యాసెట్ వేస్తే, డబ్బులిచ్చే పెద్దమనిషి కాసేపు ఓపిగ్గా విని, "డోలు ఉంది సరే, కథ ఏది?" అన్నాడు. మాట్లాడుకున్న దాంట్లో సగమే చేతిలో పెట్టాడు. మిగతాది అడిగే ముఖం నాకు లేకపోయింది.

బతుకమ్మ పాటైనా ఒగ్గుకథైనా జనం చెవి మాట మీదే ఉంటుంది. మీరేమో ఏ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వేస్తే గొంతు బాగొస్తుందని అడిగారు. ప్లగిన్ సంగతి తర్వాత. ముందు మీ ఫోటో చూద్దాం.

ఆ ఫోటోలో అర్ర మధ్యలో మైకు స్టాండు, దాని చుట్టూ బతుకమ్మ ఆడినట్టే గుండ్రంగా మీరు ఏడుగురు ఉన్నారు. చూడముచ్చటగా ఉంది. కానీ ఆ మైకు అన్ని వైపులా ఒకేలా వినేది కాదురా. దాన్ని కార్డియాయిడ్ అంటారు. ముందున్నవాళ్ళను బాగా వింటుంది, పక్కలవాళ్ళను కొంచెం తక్కువగా వింటుంది, వెనకవాళ్ళను దాదాపు పట్టించుకోదు. అందుకే మీలో ముగ్గురి గొంతులు నూతిలోంచి వచ్చినట్టున్నాయి. పాట ఎత్తుకునే అమ్మాయి మైకుకు జానెడు దూరంలో నిలబడాలి. వంత పాడేవాళ్ళు ఆమెతో కలిసి పాడాల్సిన పని లేదు. ఆమెది అయ్యాక వేరే ట్రాకులో, అంటే విడి రికార్డుగా, మైకుకు మూడడుగుల దూరంలో, దాని ముందువైపే నెలవంకలా నిలబడి పాడండి. చప్పట్లకు ఇంకో ట్రాకు. చప్పట్లు పాటతో కలిపి రికార్డు చేస్తే ఏమవుతుందంటే, చప్పట్ల పోటు సూదిలా పైకి లేస్తుంది, దానికి భయపడి లెవెల్ తగ్గిస్తారు, గొంతు చిక్కిపోతుంది.

జానెడు కన్నా దగ్గరికి పోతే గొంతులో లావు పెరుగుతుంది, ప, బ, భ లకు గాలి తగిలి 'బుఫ్' మంటుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని "పాలమూరు" అని చూడండి, మొదటి అక్షరానికే గాలి తెలుస్తుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు పెట్టి, మైకు మొహం మాత్రం నోటి వైపే తిప్పి ఉంచి పాడితే ఆ గాలి పక్క నుంచి పోతుంది. పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే పలచని తెర) ఉంటే మంచిదే, లేదని ఆగకండి.

ఇక అర్ర. కింద షాబాదు బండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు. మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. చప్పుడు అయిపోయాక కూడా సన్నగా మోగుతూ ఉంటే, ఆ మోత మీరు పాడే ప్రతి మాటకూ అంటుకుంటుంది. రికార్డయ్యాక దాన్ని పూర్తిగా ఊడదీసే సాఫ్ట్‌వేర్ నేనైతే చూడలేదు. కోడిగుడ్ల అట్టలు అంటిస్తామని రాశారు, అది మాత్రం వద్దు. పలచని అట్ట ఏ కొద్దిగానో సన్నని శబ్దాన్ని తాగుతుంది, లావు శబ్దం దాన్ని లెక్కే చేయదు. 100 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవే సుమారు 11 అడుగులు ఉంటుంది. దానికి అట్ట ముక్క అడ్డమా?

నాయనమ్మ కుట్టిన బొంతలు మీ ఇంట్లో ఉన్నాయి కదా. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత అట్ట కన్నా ఎన్నో రెట్లు నయం. పాడేవాళ్ళ వీపు వెనక ఒకటి, పక్కన ఒకటి, గోడకు ఆనించకుండా బెత్తెడు ఖాళీ వదిలి వేలాడదీయండి. మైకు చూసేది ఆ వీపు వెనక గోడనే కాబట్టి మొదటి బొంత అక్కడే పడాలి. మా చిన్నప్పుడు పత్తి ఏరాక ఒక అర్ర నిండా పోసేవాళ్ళు. అందులో నిలబడి మాట్లాడితే మాట మన పెదవుల దగ్గరే ఆగిపోయినట్టుండేది. అంత మంచి స్టూడియోలో నేను మళ్ళీ అడుగుపెట్టలేదు. అయితే పత్తి పక్కన కరెంటు వైర్లు పరిచి ఇల్లు తగలబెట్టుకోకండి, బొంతలు చాలు. ఇంకో మాట, బొంత లోపలి మోతను తగ్గిస్తుంది గానీ బయట పోయే ట్రాక్టరును ఆపదు. ట్రాక్టరు పోయేదాకా మీరే ఆగాలి.

మన ఎండల్లో ఫ్యాను ఆపమనడం అన్యాయమే, అయినా ఆపాల్సిందే. రెండు నిమిషాల పాటకు అర్రలో ఎవరూ కరిగిపోరు. రాత్రి పదకొండు దాటాక పెట్టుకోండి, ఊరు సద్దుమణుగుతుంది. ఫ్రిజ్ ఆపితే బండి తాళంచెవి అందులోనే పెట్టండి. లేకపోతే ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోతారు, మర్నాడు మీ అమ్మ నన్ను తిడుతుంది. పాటకు ముందు పది సెకండ్ల ఖాళీ అర్రను కూడా రికార్డు చేయండి. తర్వాత నాయిస్ తగ్గించాలంటే సాఫ్ట్‌వేర్‌కు ఆ నమూనా కావాలి. ఆ మందు కూడా కొంచెమే వేయండి, ఎక్కువైతే గొంతు నీళ్ళలోంచి పాడినట్టవుతుంది. మీ పాటలో అడుగున ఒక 'మ్‌మ్‌' ఉంది, అది 50 హెర్ట్జ్ కరెంటు మోత. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్ళలో చాలాసార్లు దాంతోనే పోతుంది.

లెవెల్ సంగతి. స్క్రీన్ ఫోటోలో మీ ట్రాకు ఇటుక పేర్చినట్టు కిందికీ పైకీ నిండిపోయి ఉంది. అది నాలాంటివాళ్ళ పాత అలవాటు. టేపులో 'స్‌స్‌' అనే చప్పుడుండేది కాబట్టి, అది కనబడకుండా ముల్లును ఎర్రగీత దాకా తోసేవాళ్ళం. టేపు కొంచెం ఓర్చుకునేది. కంప్యూటర్ ఓర్చుకోదు. సున్నా డీబీ (డెసిబెల్, సౌండు కొలత) దాటిందా, అల తల నరికేస్తుంది, ఆ తల మళ్ళీ మొలవదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 24 బిట్‌లో, సెకండుకు 48 వేల శాంపిల్స్ మీద పెట్టుకోండి. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చోట మైనస్ 12 డీబీ దగ్గర తగిలితే చాలు, మైనస్ 6 దాటనివ్వకండి. 24 బిట్‌లో అడుగు చప్పుడు ఎంతో కిందికి ఉంటుంది, తర్వాత పెంచుకోవచ్చు. రిహార్సల్‌లో మెల్లగా పాడి, అసలు టేకులో గొంతెత్తడం మన పిల్లలకు మామూలే, అందుకని పాటలో పైస్థాయి చరణం పాడించే గెయిన్ (మైకు లెవెల్ మీట) చూసుకోండి.

మీ చప్పట్లు పాట కన్నా వెనకబడ్డాయి. తాళం రాక కాదు. ఫోటోలో చెవుల్లో తెల్లవి, వైర్లు లేనివి కనబడ్డాయి. బ్లూటూత్‌లో పాట మీ చెవికి చేరేసరికే వంద మిల్లీసెకండ్లు దాటిపోతుంది. రికార్డింగ్‌కు వైరున్న హెడ్‌ఫోన్స్ మాత్రమే. అప్పుడు కూడా సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శాంపిల్స్ లెక్క) చూడండి. 1024 మీద ఉంటే ఒకవైపే 21 మిల్లీసెకండ్ల ఆలస్యం. శబ్దం ఒక మిల్లీసెకండులో అడుగు దూరం పైచిలుకు పోతుంది, అంటే డప్పు కొట్టేవాడు 24 అడుగుల అవతల నిలబడ్డట్టు. 256కు తగ్గిస్తే ఆరడుగుల దగ్గరికి వస్తాడు. మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు మళ్ళీ పెంచుకోండి, లాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

డప్పు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, అది నాకు ఇష్టం కాబట్టి. దాన్ని జానెడు దూరంలో పెట్టి నేనైతే రికార్డు చేయను. నాలుగైదు అడుగుల దూరం, మైకు కొంచెం పక్కకు. అప్పుడు సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ వేరువేరుగా తెలుస్తాయి. మంట మీద కాచిన చర్మం ఖణేల్‌మంటుంది, చల్లబడేకొద్దీ దిగుతుంది. మొదటి టేకులో ఒక స్వరం, ఏడో టేకులో ఇంకో స్వరం. తర్వాత కంప్యూటర్లో మొదటి దాంట్లోంచి ఒక ముక్క, ఏడో దాంట్లోంచి ఒక ముక్క కోసి అతికిస్తే రెండు డప్పులు కొట్టినట్టుంటుంది. ప్రతి రెండు టేకులకూ ఒకసారి కాచండి, కాచిన వెంటనే కొట్టిన టేకులనే ఒకదానితో ఒకటి కలపండి. ముందొక మైకు, వెనకొక మైకు పెడితే వెనకదాని ఫేజ్ తిప్పే (అలను తలకిందులు చేసే) బటన్ నొక్కి చూడండి. చర్మం ముందుకు వచ్చినప్పుడు వెనక మైకుకు అది దూరం పోయినట్టే కదా. తిప్పకపోతే రెండూ కొట్లాడుకుని డప్పు బోలుగా వినబడుతుంది.

మీ జట్టులో ఒకడు కిన్నెర నేర్చుకుంటున్నాడట, సంతోషం. మీ పక్క నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారికి 12 మెట్ల కిన్నెర మీదే 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి బుర్రవీణ మీద 2024లో వచ్చింది. ఇవి మెత్తగా పలికే వాద్యాలు, ఫ్యాను ఆగకపోతే వాటి మాట వినబడదు. మైకును వాద్యానికుండే సొరబుర్ర నోటికి ఎదురుగా పెట్టకుండా, తీగలు మీటే చోటు వైపు చూపించి వినండి. గుబగుబ తగ్గుతుంది.

ఇప్పుడు మిక్సింగ్. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. ఆడాసిటీ ఉచితం. రీపర్ 60 రోజులు వాడి చూసి కొనుక్కోవచ్చు. క్రాక్ చేసినవాటి జోలికి పోకండి, పాటతో పాటు వైరస్ వస్తుంది.

అన్ని ఫేడర్లూ (ఒక్కో ట్రాకు సౌండు మీటలు) కిందికి దించేయండి. మొదట గొంతు ఒక్కటే పైకి తేండి. మాట స్పష్టంగా వినబడుతుందా? అప్పుడు డప్పు మెల్లగా పెంచండి, మాట మసకబారే చోట ఆగి ఒక అడుగు వెనక్కి రండి. మీరు డప్పుతో మొదలుపెట్టి గొంతును దాని మీద ఇరికించారు, అది నా డోలు కథే. గొంతు మీద 80, 100 హెర్ట్జ్ కింద ఉన్నది హైపాస్‌తో (లావు శబ్దాలను కోసేసే ఫిల్టర్‌తో) తీసేయండి, అక్కడ పాట లేదు, అడుగుల చప్పుడే ఉంది. 200 నుంచి 400 మధ్య కాస్త తగ్గిస్తే బురద పోతుంది. మాటలోని హల్లులు తేలేది 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ దగ్గర. అక్కడ గొంతును పెంచే బదులు డప్పునే రెండు మూడు డీబీలు తగ్గించి చూడండి. నేనెప్పుడూ అదే చేస్తాను.

కంప్రెసర్ అంటే భయపడ్డారు. జాతరలో ఆంప్లిఫైయర్ పక్కన కూర్చుని, పాడేవాడు అరిస్తే మీట తగ్గించి, గొంతు తగ్గితే పెంచేవాణ్ణి. కంప్రెసర్ నేనే. 3:1 అంటే మనం పెట్టిన గీత దాటి 6 డీబీలు పోయినది 2 డీబీలకు వచ్చి ఆగుతుంది. అటాక్ (కంప్రెసర్ పని మొదలుపెట్టడానికి పట్టే సమయం) మరీ వేగంగా పెడితే క, ట, త ల పదును పోతుంది, 10 మిల్లీసెకండ్లు ఉండనివ్వండి. అయినా పాదం చివర మింగిన మాటలను కంప్రెసర్ లేపదు, వాటిని ఒక్కొక్కటిగా చేత్తో పెంచాలి. విసుగు పని, కానీ నాయనమ్మకు మాట వినబడేది అక్కడే.

వంత ట్రాకును కాపీ చేసి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టారు. అచ్చు ఒకేలా ఉన్న రెండు ట్రాకులు అలా పెడితే చెవికి మధ్యలోనే వినబడతాయి. నిజంగా రెండుసార్లు పాడండి. రివర్బ్ (గది మోతలా కలిపేది) వేరే ట్రాకులో పెట్టి, వినబడేదాకా పెంచి, అక్కణ్ణుంచి కొంచెం దించండి. ఇప్పుడు మీరు వేసినంత వేస్తే మీ పాట గుహలో పాడినట్టుంది.

సౌండు తక్కువ పెట్టుకుని మిక్స్ చేయండి. గట్టిగా పెడితే లావు శబ్దాలు చెవికి ఎక్కువ తోచి అంతా బాగున్నట్టే ఉంటుంది. దీన్ని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. తర్వాత మోనో చేసి (ఎడమ, కుడి కలిపేసి) ఫోన్ స్పీకర్లో వినండి, మీ పాట వినేవాళ్ళలో చాలామంది దగ్గర ఉన్నది అదే. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద సగటు గట్టిదనం కొలత) అటూఇటూ, పీక్ మైనస్ 1 డీబీ చాలు. అంతకన్నా గట్టిగా పిండినా వాళ్ళే తగ్గించి వినిపిస్తారు.

వేవ్ ఫైళ్ళు దాచండి, ఎంపీ3 మాత్రమే ఉంచుకోకండి. కరెంటు పోయే ముందు మనకు చెప్పి పోదు, పది నిమిషాలకోసారి కంట్రోల్ ఎస్ నొక్కండి, రాత్రికి పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీయండి.

పాట మళ్ళీ పాడి, ఈసారి ఎంపీ3తో పాటు గొంతు ట్రాకు ఒక్కటీ విడిగా పంపండి. నాయనమ్మకు వినిపించి ఆమె ఏమన్నదో రాస్తాను. పని అయ్యాక బొంతలు దులిపి మడతపెట్టమని, మేకులకు చింపితే ఊరుకోనని ఆమె గట్టిగా చెప్పమన్నది.

మీ తాత