పొగ లేని నిప్పు, మూసిన గుడారం

డిసెంబరు, జనవరి నెలల్లో సెలవు దొరికితే చాలు, హైదరాబాదు నుంచి గుడారాలు కట్టుకుని అనంతగిరి కొండలకు బయలుదేరేవారు చాలామంది. సాయంత్రం బొగ్గుల మీద చికెన్ కాల్చుకుంటారు. అర్ధరాత్రికి చలి ముదిరేసరికి ఎవరో ఒకరు, "పొగ రావట్లేదు కదన్నా, ఆ కుంపటి లోపల పెట్టుకుందాం" అంటారు. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది.

పొగ ఆగిందంటే బొగ్గులో మిగిలిన తేమ, తారు వంటివి కాలిపోయాయని మాత్రమే అర్థం. కణకణలాడే నిప్పుల అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడ్, పైకి వస్తూ ఎర్రటి బొగ్గును తాకి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. నివురు గప్పిన తర్వాత కూడా అది గంటల తరబడి వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతు గరగరలాడదు, కళ్ళు మండవు. గాలి కంటే కొద్దిగా మాత్రమే తేలిక కాబట్టి గుడారమంతటా కలిసిపోతుంది. కింద పడుకున్నా, లేచి కూర్చున్నా తేడా ఉండదు. చిన్న గ్యాస్ స్టవ్‌ను కూడా నమ్మడానికి లేదు, ఎందుకంటే చల్లటి గిన్నె మంటను తాకి చల్లార్చినప్పుడు గ్యాస్ పూర్తిగా కాలక ఇదే వాయువు పుడుతుంది.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది. అందుకే గాలిలో అది స్వల్పంగా ఉన్నా, పీల్చినకొద్దీ రక్తంలో పేరుకుపోయి మెదడుకూ గుండెకూ ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. కరోనా కాలంలో మన ఇళ్ళలోకి వచ్చిన ఆక్సీమీటరు ఇక్కడ అక్కరకు రాదన్న సంగతి నేను ప్రత్యేకంగా చెప్పదలిచాను: అది వేలి గుండా పంపే కాంతికి కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్ పట్టినదానిలాగే కనిపిస్తుంది కనుక, మనిషి స్పృహ తప్పుతున్నా తెర మీద 98 చూపించవచ్చు.

జిప్ నాలుగు వేళ్ళ మేర తెరిచి ఉంచామన్న ధీమా పనికిరాదు. పూత పూసిన నైలాన్ బట్టలోంచి గాలి ఆడదు. తెల్లవారుజామున లోపలివైపు చేయి పెడితే వేళ్ళకు తగిలే చెమ్మ, మన ఊపిరి కూడా బయటికి పోలేదనడానికి గుర్తు. కాబట్టి గుడారంలో ఏదీ మండించకూడదు, నిప్పులు తేకూడదు. వాటిని బయటే నీళ్ళు పోసి, కలియబెట్టి, పూర్తిగా చల్లార్చాలి. చలి ఎక్కువగా నేలలోంచే వస్తుంది కనుక పైన మరో దుప్పటి కప్పుకోవడం కంటే కింద మందపాటి చాప, బొంత పరుచుకోవడం మేలు. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పాదాల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం వెంట ఉంటే మంచిదే గాని, అది ఉంది కదా అని కుంపటి లోపలికి తేకూడదు.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం తొలి లక్షణాలు. రాత్రి తిన్న మాంసం పడలేదేమో అనుకుని మళ్ళీ పడుకోవడమే ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు. ఒకే గుడారంలో ఇద్దరికి తల పోటెత్తిందంటే అందరినీ వెంటనే ఆరుబయటికి తీసుకువచ్చి 108కు ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర చాలు. మూసిన గుడారంలో నిప్పులు పెట్టుకున్నామని వైద్యునికి మొదటే చెప్పాలి, అప్పుడే ఆయన ఆక్సీమీటరు అంకెను నమ్మకుండా రక్తపరీక్ష చేయిస్తారు.