గినీ పిగ్ బెడ్డింగ్: అపోహలు - వాస్తవాలు

గినీ పిగ్‌కి తుమ్ములొస్తున్నాయనీ, అరికాలు వాచిందనీ, కన్ను ఎర్రబడిందనీ క్లినిక్‌కి తీసుకొచ్చేవాళ్లని నేను ముందు అడిగేది కేజ్‌లో కింద ఏం పరిచారు, ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు అని. తిండి సంగతి అడుగుతాననుకుని వస్తారు, అదీ అడుగుతాను, కానీ ఈ చిన్న ప్రాణి రోజంతా ఆ బెడ్డింగ్ మీదే నడుస్తుంది, దాని మీదే పడుకుంటుంది, దాని మీదే యూరిన్ పోస్తుంది, మధ్యలో దాన్నే కొరికి చూస్తుంది, మరి దాని గురించి అడక్కుండా మందు ఎలా రాసేది.

ముందు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. గినీ పిగ్ ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, మనలాగా ముక్కు మూసుకుపోతే నోటితో లాగించేయలేదు, పైగా ఆ ముక్కు ఎప్పుడూ బెడ్డింగ్‌కి ఆనుకునే ఉంటుంది. దాని అరికాళ్ల మీద బొచ్చు ఉండదు, చర్మం నేరుగా నేలకి తగులుతుంది. ఇక ఏది దొరికినా పళ్లకి పని చెప్తుంది. కాబట్టి గాలి పాడుచేయనిది, కాళ్లు పొడిగా ఉంచేది, కొంచెం కొరికినా ప్రమాదం లేనిది కావాలి, ఇంతే. రంగు, ప్యాకెట్ మీద బొమ్మ, ఇవన్నీ మనకోసం.

అపోహ: చెక్క పొట్టు ఘుమఘుమలాడుతుంటే అది ఫ్రెష్‌గా ఉన్నట్టు

ఇది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. సీడర్, పచ్చి పైన్ పొట్టుకి ఆ వాసన వచ్చేది వాటిలోంచి గాల్లోకి లేచే నూనెల వల్ల, అవి పీల్చేవాళ్ల శ్వాసనాళాల్ని రేపుతాయి. మనం గదిలో ఒక మూల నుంచి పీలుస్తాం, అది మాత్రం ముక్కు అందులోనే పెట్టుకుని పడుకుంటుంది, తేడా అక్కడుంది. లివర్ సంగతి కూడా ఉంది. 1967 లోనే ల్యాబ్ ఎలుకల్లో చూశారు, సీడర్, పైన్ లాంటి మెత్తటి కలప పొట్టు మీద ఉంచితే లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు పెరిగి, మత్తుమందు ఇచ్చినా మామూలు కన్నా ముందే మెలకువ వచ్చేసింది. అది ఎలుకల సంగతే అయినా, ఆపరేషన్ కోసం మత్తు ఇవ్వాల్సిన డాక్టర్‌గా నేను దాన్ని తేలిగ్గా తీసుకోను.

సీడర్ అయితే ఏ రూపంలోనూ వద్దు. పైన్ అయితే బట్టీలో ఆరబెట్టింది ఉంటుంది, వేడికి ఆ నూనెలు చాలావరకు ఎగిరిపోతాయి, ఇంకేం దొరకనప్పుడు దాంతో నడిపించొచ్చు. చెక్కే కావాలనుకుంటే నా ఓటు ఆస్పెన్‌కి, అది గట్టి జాతి కలప, వాసన నూనెలు చాలా తక్కువ. కొన్నాక ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. ప్యాకెట్ విప్పి ఒక గుప్పెడు గట్టిగా నలిపి ముక్కు దగ్గర పెట్టుకోండి, ఘాటుగా చెక్క వాసన కొడితే పక్కన పెట్టేయండి. తర్వాత ఇంకో గుప్పెడు ఎండ పడే కిటికీ దగ్గర పై నుంచి నల్ల బట్ట మీదకి జారవిడవండి. వెలుతురులో దుమ్ము పొగలాగా లేచినా, బట్ట మీద పిండి చల్లినట్టు పొర పడినా అది ఆస్పెన్ అయినా సరే పనికిరాదు. రంపపు పొట్టు అయితే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అది దుమ్మే. కళ్లలో పడుతుంది, ముక్కులో పడుతుంది, మగవాటికైతే మర్మాంగం దగ్గర మడతల్లో చేరి ఉండకట్టి ఇన్ఫెక్షన్ దాకా తీసుకెళ్తుంది.

అపోహ: లావెండర్ సెంటు కలిపిన బెడ్డింగ్ అయితే వాసన సమస్య పోతుంది

పోదు, మనకి తెలియకుండా పోతుంది అంతే. యూరిన్ నుంచి పుట్టే అమ్మోనియా అనే ఘాటు వాయువు అక్కడే ఉంటుంది, దాని మీద సెంటు ఒకటి అదనం. బేకింగ్ సోడా, పౌడర్లు కేజ్‌లో చల్లడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, అది మళ్లీ దుమ్మే కదా.

అపోహ: మాకేం వాసన రావట్లేదు కాబట్టి శుభ్రంగానే ఉంది

మన ముక్కు చాలా త్వరగా అలవాటు పడిపోతుందండీ. రోజూ ఆ గదిలో తిరిగేవాళ్లకి ఏమీ తెలియదు, బయట నుంచి చుట్టాలొస్తే గుమ్మంలోనే ముఖం ముడుచుకుంటారు. బెడ్డింగ్‌లో, పెంటికల్లో ఉండే బాక్టీరియా యూరిన్‌లోని యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, తడీ వెచ్చదనం గాలాడని మూలా ఈ మూడూ ఉంటే ఇంకా జోరుగా చేస్తుంది. అంటే సరిగ్గా గినీ పిగ్ పడుకునే గూడు లోపల అన్నమాట. ఆ గాలి ముక్కులో, శ్వాసనాళంలో ఉండే సున్నితమైన పొరని దెబ్బతీస్తుంది, అక్కడ క్రిముల్ని బయటికి నెట్టే పని నెమ్మదిస్తే బోర్డెటెల్లా, స్ట్రెప్టోకాకస్ లాంటివి ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా చేస్తాయి. (ఈ బోర్డెటెల్లా కుందేళ్లలో, కుక్కల్లో ఏ లక్షణమూ లేకుండా ఉండిపోవచ్చు, అందుకే కుందేలుని, గినీ పిగ్‌ని ఒకే కేజ్‌లో పెట్టొద్దంటాను.)

చెక్ చేసే పద్ధతి ఇది: బయటికెళ్లి వచ్చిన వెంటనే, కిటికీలు తీయకముందే, మోకాళ్ల మీద కూర్చుని ముఖం కేజ్ నేల దాకా దించి, గూడు పైకెత్తి దాని కింద గాలి పీల్చండి. అక్కడ ఏ మాత్రం ఘాటు తగిలినా గినీ పిగ్ అంతసేపూ అదే పీలుస్తున్నట్టు.

అపోహ: ఫ్లీస్ వేస్తే తడి అంతా అదే పీల్చేసుకుంటుంది, ఇక పని ఉండదు

ఫ్లీస్ అంటే దుప్పట్లకి వాడే మెత్తటి నూగు బట్ట, దాని మీద నాకేం వ్యతిరేకత లేదు, కాళ్లకి చాలా మెత్తగా ఉంటుంది, దుమ్ము లేదు, ఉతికి వాడుకోవచ్చు. కానీ అది పాలిస్టర్, తనంతట తను తడిని దాచుకోదు. అది జల్లెడలాగా పనిచేయాలి, పైన పడ్డ తడిని కిందకి వదిలేసి తను పొడిగా ఉండాలి, కింద ఆ తడిని పట్టుకోడానికి దళసరి కాటన్ టవలో, పీల్చుకునే ప్యాడో ఉండాలి. కింద ఏమీ లేకుండా ప్లాస్టిక్ ట్రే మీద ఒక్క పొర ఫ్లీస్ పరిచేస్తే దాని కింద యూరిన్ మడుగు కడుతుంది, పైన చూస్తే మాత్రం నీట్‌గా కనిపిస్తుంది.

ఇంకోటి, కొత్త ఫ్లీస్ తడిని కిందకి వదలదు, నీళ్లు పైనే బొట్లు బొట్లుగా నిలబడతాయి. రెండు మూడు సార్లు వేడినీళ్లలో మామూలు డిటర్జెంట్‌తో ఉతికాక ఒక స్పూన్ నీళ్లు పోసి చూడండి, కిందకి దిగిపోతే రెడీ అయినట్టు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అది పోగుల మీద పూతలాగా అంటుకుని మళ్లీ తడిని ఆపేస్తుంది, సెంటు ఎలాగూ వద్దనుకున్నాం. పెంటికలు రోజూ ఊడవాలి, మూడు నాలుగు రోజులకోసారి మొత్తం మార్చాలి. అంచులు కొరికేవాటికి, పోగులు లాగేవాటికి ఫ్లీస్ సరిపడదు, ఊడిన దారం వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోయి వేలు వాచిపోతుంది, బొచ్చులో కనపడదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది.

అపోహ: గినీ పిగ్ తినేది గడ్డే కదా, గడ్డే పరిచేస్తే రెండు పనులూ అయిపోతాయి

తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి, తిమోతీ లాంటి మంచి ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉండాలి, అందులో రెండో మాట లేదు. కానీ అది తడిని పీల్చుకోదు. యూరిన్ పోసిన గడ్డి అడుగున చెమ్మగా ఉండిపోయి బూజు పడుతుంది, ముక్కవాసన కొడుతుంది, పైన ఉన్నదేమో తొక్కేసి పాడుచేస్తుంది, చివరికి తినే గడ్డి తగ్గిపోతుంది, దాంతో పళ్ల సమస్య, కడుపు సమస్య మొదలు. గింజ తీసేశాక మిగిలే గట్టి కాడల గడ్డి ఇంకా ఇబ్బంది, దానిలో పోషకం తక్కువ, కాడలు కంట్లో గుచ్చుకుంటాయి. గుచ్చుకున్న కన్ను సగం మూసి ఉంటుంది, నీరు కారుతుంది, నల్లగుడ్డు మీద మసకగా మచ్చ కనిపిస్తుంది, అలా ఉంటే రేపు చూద్దాంలే అనుకోకండి. రెండు కళ్లలోంచీ అప్పుడప్పుడు పాలలాంటి తెల్లటి ద్రవం వచ్చి అది దాంతో ముఖం కడుక్కోవడం మాత్రం మామూలే, దానికి కంగారు వద్దు.

నేను చెప్పేదేంటంటే గడ్డి పెట్టే చోటు వేరుగా చేయండి. తింటూ తింటూ అక్కడే పోస్తుంది, అది దాని అలవాటు, మనం మార్చలేం, కానీ వాడుకోవచ్చు. గడ్డి స్టాండ్ కింద ఒక వెడల్పాటి ట్రే పెట్టి దానిలో పేపర్ గుళికలు వేసి పైన మెత్తగా పేపర్ బెడ్డింగ్ పరిస్తే తడిలో ఎక్కువ భాగం ఆ ఒక్క ట్రేలోనే పడుతుంది, రోజూ దాన్నొక్కదాన్నే మార్చుకుంటే మిగతా కేజ్ చాలా రోజులు పొడిగా ఉంటుంది. గుళికలు ఒక్కటే వేయకండి, బాగా పీల్చుకుంటాయి కానీ కాళ్లకి గట్టిగా తగులుతాయి.

అపోహ: పేపర్ ఏదైనా పేపరే

కాదు. గుజ్జు చేసి మెత్తగా తయారుచేసిన పేపర్ బెడ్డింగ్ వేరు, న్యూస్‌పేపర్ వేరు, ఆఫీస్ మెషిన్‌లో కత్తిరించిన కాగితం వేరు. మొదటిది, సెంటు లేనిదైతే, కొత్తగా పెంచేవాళ్లకి నేను ముందుగా చెప్పేది అదే. తడి బాగా పీల్చుకుంటుంది, మెత్తగా ఉంటుంది, దుమ్ము తక్కువ, 5 నుంచి 7 సెం.మీ. మందం వేస్తే చాలు, హ్యామ్‌స్టర్‌కి వేసినంత లోతు అక్కర్లేదు ఎందుకంటే గినీ పిగ్ సొరంగాలు తవ్వదు, దానికి దాక్కునే గూడు ఉంటే చాలు. న్యూస్‌పేపర్ అడుగు పొరగా పర్లేదు, పైన ఒక్కటే వేస్తే కాసేపటికే తడిసి ముద్దవుతుంది, కాళ్లు జారతాయి. ఆఫీస్ కాగితం తడి పీల్చుకోదు, అంచులు కోసుకుంటాయి, అది చెత్తబుట్టకే.

అపోహ: పిల్లి లిట్టర్, మొక్కజొన్న కండె ముక్కలు కూడా వాడొచ్చు

వద్దు. ఉండకట్టే లిట్టర్ మింగితే లోపల ఉబ్బి పేగు మూసుకుపోవచ్చు, కండె ముక్కలు గట్టిగా ఉంటాయి, తడిస్తే త్వరగా బూజు పడతాయి, మింగితే ప్రమాదం కూడా.

అపోహ: ఇనప జాలీ నేల అయితే మురికంతా కిందకి పోతుంది, కాళ్లు శుభ్రంగా ఉంటాయి

మురికి పోవడం నిజమే, కాళ్లు పోవడం కూడా నిజం. జాలీ మీద బరువంతా సన్నటి తీగల మీద పడుతుంది, ముందు అరికాలు ఎర్రబడుతుంది, తర్వాత చర్మం దళసరెక్కి నున్నగా మెరుస్తుంది, ఆ తర్వాత పగిలి స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా లోపలికి వెళ్లి పుండు పడుతుంది, ముదిరితే ఎముక దాకా పోతుంది. బంబుల్‌ఫుట్ అంటారు దీన్ని. తడి బెడ్డింగ్ మీద కూడా ఇదే జరుగుతుంది, కొంచెం నెమ్మదిగా. బరువెక్కువున్నవాటికి, గోళ్లు పెరిగిపోయినవాటికి, విటమిన్ సి తక్కువైనవాటికి త్వరగా వస్తుంది. మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ఒంట్లో తయారుచేసుకోలేదు, తిండిలో అందకపోతే చర్మం మానదు.

వారానికోసారి ఒక చేత్తో ఛాతీ కింద, ఇంకో చేత్తో పిరుదుల కింద ఆనించి, వీపు మీ పొట్టకి ఆనేలా కూర్చోబెట్టుకుని నాలుగు అరికాళ్లూ చూడండి. ముందు కాళ్లకి నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకి మూడేసి. ఒక కాలికీ ఇంకో కాలికీ రంగులో తేడా ఉందా, మడమ వైపు ఎర్రగా ఉందా, నొక్కితే కాలు లాక్కుంటోందా చూడండి. ఎర్రదనం దగ్గరే పట్టుకుంటే మెత్తటి పొడి నేల, గోళ్లు కత్తిరించడం, విటమిన్ సి, వీటితో చాలావరకు సర్దుకుంటుంది. పుండు పడ్డాక నెలల తరబడి కట్లు కట్టాల్సి వస్తుంది, ఆ నొప్పి చూడలేం.

అపోహ: బెడ్డింగ్ మీద తెల్ల పొడి, ఎర్ర మరక కనిపిస్తే అది బెడ్డింగ్ రంగే

తెల్ల పొడి మామూలుగా యూరిన్‌లో వచ్చే కాల్షియం, ఆరితే సున్నంలా మిగులుతుంది, ట్రేకి అంటుకున్నది వెనిగర్‌తో పోతుంది. ఇసుకలాగా గరగరగా ఉంటే మాత్రం చూపించాలి. ఎర్ర మరక సంగతి వేరు, కొన్నిసార్లు యూరిన్ ఆరేకొద్దీ దానంతటదే నారింజ, గోధుమ రంగులోకి తిరుగుతుంది, కొన్నిసార్లు అది నిజంగా రక్తం. పోసినప్పుడే ఎర్రగా ఉందా, పోసేటప్పుడు కీచుమని అరుస్తోందా అన్నది గమనించండి. అనుమానంగా ఉంటే ఒక పూట తెల్ల టవల్ పరిచి చూడండి, రంగు స్పష్టంగా తెలుస్తుంది. ముదురు రంగు బెడ్డింగ్, ముదురు ఫ్లీస్ నేను వద్దనేది ఇందుకే.

అపోహ: రోజూ మొత్తం తీసేసి కడిగేయడమే ప్రేమ

మీ ఓపికకి దండం, కానీ దానికి అది అక్కర్లేదు. తన వాసన లేని చోట అది బెదురుతుంది, మగవైతే కడిగిన వెంటనే మళ్లీ ఒళ్లు రుద్దుతూ, యూరిన్ పోస్తూ గుర్తులు పెట్టుకోవడం మొదలుపెడతాయి. రోజూ తడి చోట్లు, పెంటికలు తీసి ఆ మేరకి కొత్తది వేయండి, వారానికోసారి మొత్తం మార్చండి (ఫ్లీస్ అయితే పైన చెప్పినట్టు మూడు నాలుగు రోజులకోసారి), మార్చేటప్పుడు పాతదానిలో పొడిగా శుభ్రంగా ఉన్న గుప్పెడు కొత్తదానిలో కలపండి. పేలో, గజ్జి పురుగులో, తామరో ఉన్నప్పుడు మాత్రం ఈ గుప్పెడు కూడా వద్దు, మొత్తం పారేసి కేజ్ కడగాల్సిందే. గజ్జి పురుగులు ఎక్కువగా ఇంకో గినీ పిగ్ నుంచే అంటుకుంటాయి కాబట్టి బెడ్డింగ్ మార్చినంత మాత్రాన తగ్గవు, అన్నిటికీ కలిపి మందు పడాలి. తామర మనుషులకీ అంటుతుంది, కేజ్ శుభ్రం చేసే పని అప్పుడు పిల్లలకి చెప్పకండి.

అపోహ: తుమ్ములొస్తే బెడ్డింగ్ మారిస్తే సరిపోతుంది

ముఖం కడుక్కునేటప్పుడో, గడ్డిలో తల దూర్చినప్పుడో ఒకటీ అరా తుమ్ము వస్తే ఫర్వాలేదు. కొత్త బెడ్డింగ్ వేసిన రోజు నుంచి మొదలై, అది తీసేశాక ఆగిపోతే కారణం దొరికినట్టే. కానీ ముక్కు చుట్టూ పక్కు కట్టినా, ఊపిరి తీస్తుంటే పక్కలు ఎగిరెగిరి పడుతున్నా, కిర్రుమనే చప్పుడు వినిపిస్తున్నా, తిండి మానేసినా ఆ రోజే తీసుకురండి, గినీ పిగ్ నీరసం దాచుకుంటుంది, బయటికి కనిపించేసరికే చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. వచ్చేటప్పుడు కేజ్‌లో వాడిన బెడ్డింగ్ ఒక గుప్పెడు, ప్యాకెట్‌లోంచి కొత్తది ఒక గుప్పెడు విడివిడి కవర్లలో వేసి తెండి, ప్యాకెట్ ఫోటో కూడా ఉంటే ఇంకా మంచిది.