ట్రాన్సిస్టర్లు చిన్నవవుతుంటే చూసే చిప్‌కు వచ్చిన చిక్కు

వెలుతురును పట్టే పనినీ, పట్టిన దృశ్యాన్ని అక్కడికక్కడే విశ్లేషించే పనినీ ఒకే సిలికాన్ ముక్కకు అప్పగించాలన్న ఆలోచన 1980ల చివర్లో బలపడింది. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో కార్వర్ మీడ్, ఆయన శిష్యురాలు మీషా మహోవాల్డ్ రెటీనా పనితీరును అనలాగ్ సర్క్యూట్లలో (విలువలను 0, 1 అంకెలుగా కాక ప్రవాహం, వోల్టేజిల రూపంలోనే లెక్కించేవి) అనుకరించే ప్రయత్నంలో ఉండగా, 1988లో బర్క్‌లీకి చెందిన లియాన్ చువా, లిన్ యాంగ్ సెల్యులర్ న్యూరల్ నెట్‌వర్క్‌ను ప్రతిపాదించారు. అందులో ప్రతి కణానికీ ఇరుగుపొరుగు కణాలతోనే సంబంధం ఉంటుంది కాబట్టి తీగల అల్లిక తక్కువ. పిక్సెల్‌కొక కణం చొప్పున అమర్చితే అంచులను గుర్తించడం, మచ్చలను తొలగించడం వంటి పనులు చిత్రమంతటా ఒకేసారి జరిగిపోతాయి. 1993లో చువా, హంగరీ శాస్త్రవేత్త తమాష్ రోష్కా కలిసి దీన్ని ప్రోగ్రాం రాసుకోగల యంత్రంగా విస్తరించారు.

అనలాగ్‌ను ఎంచుకోవడం అప్పటికి సరైన నిర్ణయమే. రెండు తీగలను కలిపితే వాటిలోని విద్యుత్ ప్రవాహాలు వాటంతటవే కూడుకుంటాయి. అదే డిజిటల్‌లోనైతే కూడిక, గుణకారాలకు వందల ట్రాన్సిస్టర్లు కావాలి, వాటిని ఒక్కో పిక్సెల్ పక్కన ఇరికించేంత చోటు ఆనాటి చిప్‌లలో లేదు. స్పెయిన్‌లోని సెవిల్ పరిశోధకుల ఏస్16కె చిప్ 0.35 మైక్రాన్ సాంకేతికతలో (ఈ అంకె ఎంత చిన్నదైతే ట్రాన్సిస్టర్ అంత చిన్నది; మైక్రాన్‌కు వెయ్యి నానోమీటర్లు) 128×128 కణాలతో వచ్చింది. మాంచెస్టర్‌లో పియోటర్ డూడెక్ బృందం రూపొందించిన స్కాంప్-5 చిప్ 0.18 మైక్రాన్లలో 256×256కు చేరింది. అయితే స్కాంప్-5 వెలువడే నాటికి మామూలు ప్రాసెసర్లు 32, 22 నానోమీటర్ల దాకా దిగిపోయాయి. ఈ వెనుకబాటు డిజైనర్ల అలసత్వం వల్ల వచ్చింది కాదు.

ట్రాన్సిస్టర్ కొలతలనూ వోల్టేజినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే వైశాల్యానికి ఖర్చయ్యే విద్యుత్తు పెరగదని 1974లో రాబర్ట్ డెన్నార్డ్ బృందం చూపింది. డిజిటల్ సర్క్యూట్లకు అది వరమైంది. అనలాగ్ కథ వేరు. ఒకేలా గీసిన రెండు ట్రాన్సిస్టర్లు తయారయ్యాక ఒకేలా ఉండవనీ, ఆ తేడా వాటి వైశాల్యపు వర్గమూలానికి విలోమంగా ఉంటుందనీ 1989లో మార్సెల్ పెల్‌గ్రోమ్, ఆయన సహచరులు నిరూపించారు. అంటే పొడవు వెడల్పులను సగానికి తగ్గిస్తే తేడా రెట్టింపవుతుంది. పైగా 5 వోల్టుల సరఫరా క్రమంగా 1 వోల్టు దరిదాపులకు పడిపోయినా రణగొణ (సిగ్నల్‌లో కలిసే అవాంఛిత అలజడి) అదే దామాషాలో తగ్గలేదు. కెపాసిటర్‌లో దాచిన అనలాగ్ విలువ లీకేజీ వల్ల ఇంకా త్వరగా చెదరసాగింది. వెలుతురు విషయంలోనైతే బేరమే లేదు: దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు, దాన్ని ఏ ఫ్యాక్టరీ కుదించలేదు. పిక్సెల్ చిన్నదైతే దానిపై పడే ఫోటాన్లూ తగ్గుతాయి.

2012లో చిత్రాలను గుర్తించే అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ విజయంతో సమస్య స్వరూపమే మారింది. దాదాపు 6 కోట్ల పరామితులు (శిక్షణలో నేర్చుకునే సంఖ్యలు; వీటిని బరువులనీ అంటారు) ఉన్న నెట్‌వర్క్‌కు ఇరుగుపొరుగు సంబంధాలు సరిపోవు. బరువులను దాచుకోవడానికి మెమరీ కావాలి. 45 నానోమీటర్ల సాంకేతికతలో 32 బిట్ల కూడికకు 0.1 పికోజౌల్ శక్తి చాలుననీ, అదే పరిమాణపు దత్తాంశాన్ని చిప్ బయటి మెమరీ అయిన డీర్యామ్ నుంచి తేవడానికి సుమారు 640 పికోజౌల్స్ కావాలనీ 2014లో మార్క్ హొరోవిట్జ్ ఇచ్చిన లెక్కలను ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. లెక్క కట్టడం కంటే మోసుకురావడమే భారమని తేలడంతో, దత్తాంశం పుట్టిన చోటే పని ముగించాలన్న పాత వాదానికి మళ్లీ విలువ వచ్చింది. నా దృష్టిలో చువా తరం ఓడిపోయింది ఆలోచనలో కాదు, వైశాల్యంలో.

ప్రస్తుతానికి దొరికిన దారి, రెండు పనులను రెండు పొరలుగా విడదీసి ఒకదానిపై ఒకటి అతికించడం. 2020లో సోనీ ప్రకటించిన ఐఎంఎక్స్500 అనే కెమెరా సెన్సర్‌లో 1.23 కోట్ల పిక్సెల్స్ పైపొరలో, న్యూరల్ నెట్‌వర్క్‌ను నడిపే ప్రాసెసర్ కింది పొరలో ఉంటాయి. దేనికి తగిన తయారీ పద్ధతి దానిదే. అయితే ఇది పిక్సెల్‌కొక కణం కాదు. స్కాంప్-5లో ఒక కణం వెడల్పు సుమారు 32 మైక్రాన్లు కాగా ఐఎంఎక్స్500 పిక్సెల్ వెడల్పు 1.55 మైక్రాన్లే, వైశాల్యంలో తేడా 400 రెట్లకు పైమాటే. ఇక మీదట సాంకేతికత కుదింపే ఈ తేడాను పూడుస్తుందని ఆశించడానికీ ఆధారం సన్నగిల్లుతోంది: తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎమ్‌సీ 5 నానోమీటర్ల నుంచి ఎన్3ఈ అనే 3 నానోమీటర్ల పద్ధతికి మారినా, బరువులను దాచే ఎస్‌ర్యామ్ (చిప్ లోపలి మెమరీ) కణం 0.021 చదరపు మైక్రాన్ల దగ్గరే ఆగిపోయింది.