ఆదివారం పొద్దున అనుబంధ ప్రశ్న

అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఇంట్లో ఆదివారం పొద్దున ఉప్మా ప్లేట్లు పట్టుకుని రాజకీయ చర్చలు చూడటానికి అందరం టీవీ ముందు చేరతాం. మొన్న వేసవిలో మా దగ్గరికి వచ్చిన మామయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. యాంకరమ్మ అడిగిన ప్రశ్న వదిలేసి ఒక సెనేటర్ ఆపకుండా మాట్లాడుతుంటే ఆయన తినడం ఆపేసి, "ఏమ్మా, ఆవిడ అడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి? మళ్లీ అడగదేం?" అన్నారు. ఇన్నేళ్లుగా నేను టీవీ మీద అరుస్తున్నది కూడా ఆ మాటే. జవాబు సరిగా రాకపోతే అలా మళ్లీ అడిగేదానికి మన అసెంబ్లీలో మంచి పేరుంది, అనుబంధ ప్రశ్న అని. అమెరికా ఆదివారం చర్చల్లో అది ఎలా బలహీనపడిందో తెలియాలంటే మొదటికి వెళ్లాలి.

'మీట్ ద ప్రెస్' 1945లో రేడియోలో మొదలైంది. మార్తా రౌంట్రీ అనే మహిళ, 'అమెరికన్ మెర్క్యురీ' పత్రిక ప్రచురణకర్త లారెన్స్ స్పివాక్ కలిసి పెట్టారు. 1947 నవంబర్ 6న ఎన్‌బీసీ టీవీకి వచ్చింది. పద్ధతి చాలా మామూలుది. ఒక నాయకుడు, ఎదురుగా కొందరు విలేకరులు. ఒకరి ప్రశ్న నుంచి తప్పించుకున్నా పక్కవాడు అక్కడే పట్టుకోవచ్చు.

ఆ ప్రశ్నకు ఎంత బరువుండేదో 1948 ఆగస్టు చెబుతుంది. విదేశాంగ శాఖలో పనిచేసిన ఆల్జర్ హిస్ కమ్యూనిస్టు అని, ఒకప్పుడు తనూ కమ్యూనిస్టే అయిన విట్టేకర్ చేంబర్స్ కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాడు. అక్కడ చెప్పిన మాట మీద పరువునష్టం దావా వేయడానికి లేదు. దమ్ముంటే బయట చెప్పమన్నాడు హిస్. మీట్ ద ప్రెస్ రేడియో కార్యక్రమంలో విలేకరి నేరుగా అదే అడిగాడు, ఇక్కడ అంటావా అని. చేంబర్స్ అన్నాడు. హిస్ దావా వేశాడు. చేంబర్స్ తన వాదన కోసం బయటపెట్టిన కాగితాలే చివరికి హిస్ మెడకు చుట్టుకున్నాయి. 1950 జనవరిలో అబద్ధపు సాక్ష్యం నేరం కింద అతనికి శిక్ష పడింది. ఎవరి పక్షం న్యాయమన్నది వేరే చర్చ. ఒక్క ప్రశ్న మాటను కోర్టు మెట్ల దాకా తీసుకెళ్లింది, అదీ నాకు ముఖ్యం.

సీబీఎస్ 'ఫేస్ ద నేషన్' 1954 నవంబర్‌లో మొదలైంది. మొదటి అతిథి సెనేటర్ జోసెఫ్ మెకార్తీ. అసలు మలుపు 1981లో వచ్చింది. ఏబీసీ డేవిడ్ బ్రింక్లీతో గంటసేపు కార్యక్రమం పెట్టి, చివర్లో విలేకరులనే బల్ల చుట్టూ కూర్చోబెట్టి అభిప్రాయాలు చెప్పించింది. అడిగేవాళ్లు చెప్పేవాళ్లయ్యారు. జనానికి నచ్చింది, మిగతా చానళ్లూ ఆ దారే పట్టాయి. పేరున్న అతిథి కోసం చానళ్ల మధ్య పోటీ పెరిగింది. అధ్యక్షుడు క్లింటన్‌తో సంబంధం వ్యవహారంలో వార్తల్లోకెక్కిన మోనికా లెవిన్‌స్కీ లాయరు విలియం గిన్స్‌బర్గ్ 1998 ఫిబ్రవరి 1న ఒకే రోజు 5 ప్రధాన ఆదివారం షోల్లోనూ కనిపించాడు. అతిథి ఎక్కడికైనా వెళ్లగలిగినప్పుడు, గట్టిగా అడిగితే వచ్చే వారం మన దగ్గరికి రాడేమోనన్న భయం ఉంటుంది. అనుబంధ ప్రశ్నకు గండి కొట్టింది ఆ భయమేనని నా నమ్మకం.

టిమ్ రస్సర్ట్‌ను ఇక్కడ మర్చిపోతే అన్యాయం. 1991 చివరి నుంచి 2008లో చనిపోయేదాకా మీట్ ద ప్రెస్ నడిపాడు. స్వతహాగా లాయరు. నాయకుడు ఎప్పుడో అన్న మాటను తెర మీద అక్షరాలుగా చూపించి, ఇప్పుడేమంటారని అడిగేవాడు. అయినా 2002 సెప్టెంబర్ 8న ఆ పద్ధతి కూడా చాలలేదు. ఇరాక్ కొనడానికి ప్రయత్నించిన అల్యూమినియం గొట్టాలు అణుబాంబు కోసమేనన్న కథనం ఆ పొద్దున న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. దానికి ఆధారం ప్రభుత్వ అధికారులే. ఉపాధ్యక్షుడు డిక్ చేనీ రస్సర్ట్ ముందు కూర్చుని ఆ పత్రికనే సాక్ష్యంగా చూపించాడు. అదే రోజు జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్, విదేశాంగ మంత్రి పావెల్, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తలో చానల్లో ఉన్నారు. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. ఆ ఆయుధాలు దొరకలేదు. ఆ గొట్టాలపై ప్రభుత్వ నిపుణుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయని జనానికి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆదివారం వదిలేసిన ప్రశ్నకు మూల్యం చెల్లించింది స్టూడియోలో ఉన్నవాళ్లు కాదు.

"మరి ఎందుకు చూస్తున్నారమ్మా?" అని మామయ్యగారు అడిగినప్పుడు ఆయనకు 2012 మే 6 గురించి చెప్పాను. మీట్ ద ప్రెస్‌లో అప్పటి యాంకర్ డేవిడ్ గ్రెగరీ స్వలింగ వివాహాల గురించి అడిగాడు. అప్పటి ఉపాధ్యక్షుడు బైడెన్ తనకు అభ్యంతరం లేదని తేల్చి చెప్పేశాడు. అప్పటిదాకా నాన్చుతూ వచ్చిన ఒబామా మూడు రోజులకే, బుధవారం నాడు, తనూ సమర్థిస్తున్నానని ప్రకటించాల్సి వచ్చింది.