సంచి విప్పే ముందు ఇది చదవండి

పిల్లలకు,

అమ్మమ్మ దీవెనలు. దసరాకు మీరు రాలేదు కాబట్టి మామతో సంచి పంపుతున్నా. దాన్ని అట్లనే ఫ్రిజ్‌లో కుక్కి కాలేజీకి పోవద్దు. ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నా.

తెంపినంత మాత్రాన కాయగానీ ఆకుగానీ చచ్చిపోదు. గాలి పీలుస్తూనే ఉంటుంది. తనలో ఉన్న చక్కెరను ఖర్చు చేసుకుంటుంది, నీళ్లు పోగొట్టుకుంటుంది. వేరు తెగింది కాబట్టి కొత్తగా వచ్చేదేమీ ఉండదు. చల్లగా ఉంచితే ఆ ఖర్చు నెమ్మదిస్తుంది. ఫ్రిజ్ చేసే పని అంతే. కానీ చలి అన్నిటికీ పడదు.

పైన ఉన్నవి సీతాఫలాలు. మనకు దగ్గర్లో, మీ హైదరాబాద్ దారిలోనే ఉన్న బాలానగర్ పేరుతో సీతాఫలంలో ఒక రకమే ఉంది. వేరే రాష్ట్రాల తోటల్లో కూడా దాన్ని బాలానగర్ అనే అంటారు. మనవాళ్లకే ఆ సంగతి పట్టదు! కండ్లు విచ్చిన కాయలే ఏరి పెట్టాను. గట్టిగా ఉన్నవాటిని బియ్యం డబ్బాలో దాచండి, రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. పండుతున్న కాయ ఇథిలీన్ అనే గ్యాస్ వదులుతుంది, ఆ గ్యాసే దాన్ని ఇంకా తొందరగా పండిస్తుంది. బియ్యంలో పెడితే అది బయటికి పోకుండా కాయ చుట్టే ఉంటుంది. పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టారో, తోలు నల్లబడుతుంది, లోపల మాత్రం గట్టిగానే ఉండిపోతుంది. మెత్తబడ్డాక ఒకటి రెండు రోజులు పెట్టుకోవచ్చు. గింజలు కొరకొద్దు. పేలకని ఎవరైనా ఆ గింజలు నూరి తలకు పెట్టుకొమ్మంటే అసలే వద్దు, కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

మామిడికాయలకు కొందరు వ్యాపారులు కార్బైడ్ పెట్టేది కూడా ఈ గ్యాస్ ఉపాయంతోనే. తేమ తగిలితే దాంట్లోంచి ఎసిటిలీన్ వస్తుంది, అది ఇథిలీన్‌లాగే కాయను రంగు తేలుస్తుంది. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో దాన్ని నిషేధించారు, అయినా పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. ఎండాకాలంలో కొల్లాపూర్ కాయలు దొరికితే గడ్డిలో మాగబెట్టి నేనే పంపుతా, మీరు తొందరపడి బండి మీద కొనకండి.

ఇదే గ్యాస్ ఆకుకూరకు శత్రువు. అరటిపండ్ల పక్కన కొత్తిమీర పెడితే తెల్లారేసరికి పసుపెక్కుతుంది. రెండింటినీ దూరంగా పెట్టండి.

బత్తాయిలు నల్గొండ నుంచి మీ చిన్నమ్మ పంపింది. ఇవి సీతాఫలంలాగా తెంపాక పండేవి కావు. చెట్టు మీద ఎంత తీపి ఉందో అంతే, మాగబెట్టి లాభం లేదు. తోలు పచ్చగా ఉందని పక్కన పడేయకండి, పచ్చ తోలుతోనే తియ్యగా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించినదాంట్లో రసం ఎక్కువ. రసం తీస్తే అప్పుడే తాగేయాలి. సీసాలో పోసి సాయంత్రానికి దాచుకుంటే చేదెక్కుతుంది. అది పాడైపోవడం కాదు. గుజ్జులో, పొరల్లో ఉన్న రుచి తెలియని పదార్థమొకటి పులుపు రసంలో కలిశాక మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. చక్కెర వేసినా ఆ చేదు పోదు.

పుంటికూర, కొత్తిమీర కడిగి దాచొద్దు. తడి ఉంటే కుళ్లు పట్టుకుంటుంది. కుళ్లిన ఆకులు ఏరేసి, పొడి నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. వండే ముందు, తరగకముందే కడగాలి. తరిగాక కడిగితే సారం నీళ్లపాలు. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకును ముంచి పైకి తీయండి, అంతేగానీ గిన్నె వంపకండి. అడుగుకు దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. పుంటికూరలో ఇసుక పంటికింద తగిలితే ఆ పూట అన్నం మీద విరక్తే. కల్యమాకు రెబ్బలు కూడా తడి లేకుండా డబ్బాలో పెట్టండి. పచ్చిమిర్చి తొడిమలు తీసి పెడితే ఎక్కువ రోజులు ఉంటాయి.

ఉల్లిగడ్డ, ఆలుగడ్డ రెండూ ఫ్రిజ్ బయటే, కానీ ఒకే గంపలో వద్దు. కలిపి పెడితే ఒకదాని తేమకు ఇంకొకటి చెడుతుంది, ఆలుగడ్డకు మొలకలొస్తాయి. ఆలుగడ్డను ఫ్రిజ్‌లో పెడితే దానిలోని పిండి చక్కెరగా మారుతుంది. వేపుడు నల్లబడి తియ్యగా వస్తే కారణం అదే, నూనెను తిట్టకండి. వెలుతురు తగిలి పచ్చబడ్డ చోట చేదు విషం ఉంటుంది, ఆ ముక్క లోతుగా కోసి పడేయండి. ఎక్కువగా పచ్చబడితే గడ్డ మొత్తం పారేయడమే. టమాటలు పండేదాకా బయటే ఉండనివ్వండి, చల్లబడితే వాసన, రుచి పోతాయి.

వంకాయలకు కూడా చలి పడదు, ముందు వాటినే వండేయండి. కోసిన ముక్కలు ఉప్పు నీళ్లలో వేస్తే గాలి తగలక నల్లబడవు. బెండకాయలు మాత్రం కడిగి, గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఆరాకే కోయండి. తడి ఉంటే జిగురు సాగుతుంది. అప్పటికీ సాగితే పెనంలో కొంచెం చింతపులుసు పోయండి, మూత మాత్రం పెట్టొద్దు.

ఉంటా,
అమ్మమ్మ
జడ్చర్ల