అడవిని కాచిన చిన్న మంట

ఫిబ్రవరిలో బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో మా అపార్ట్‌మెంట్ పక్కనున్న ఖాళీ సైట్లో ఎండుగడ్డి అంటుకుంది. అందరికీ టెన్షన్. మదనపల్లె వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ పెద్దాయన మాత్రం వేపమండతో అంచుల వెంట కొడుతూ, "గాలి లేదు సార్, గడ్డి అయిపోతే అదే ఆరిపోతాది" అన్నాడు. అలాగే ఆరింది. బూడిద ఇంకా వెచ్చగా ఉండగానే పుల్లతో మట్టి గీరి చూశాను. రెండు వేళ్ల లోతున చల్లగానే ఉంది. దుబ్బుల మొదళ్లు పచ్చిగా ఉన్నాయి.

బీఆర్ హిల్స్ అని మనం వీకెండ్‌కి వెళ్లొస్తుంటామే, కర్ణాటకలోని ఆ బిళిగిరిరంగన కొండల్లో ఉండే సోలిగ గిరిజనులకు ఇది తరతరాలుగా తెలిసిన సంగతి. తరగు బెంకి అంటారు, అంటే ఎండుటాకుల మంట. ఎండలు ముదరకముందే, రాలిన ఆకు కొద్దిగా ఉండగానే అంటించేవారు. ఆ మంట నేల మీదే పాకి పోతుంది. మందపాటి బెరడున్న చెట్లు తట్టుకుంటాయి. మట్టి సెగను త్వరగా లోపలికి దిగనివ్వదు, అందుకే వేళ్లూ దుంపలూ బతుకుతాయి. తర్వాత కొత్త గడ్డి మొలుస్తుంది, దానికోసం జింకలొస్తాయి. ఉసిరి కొమ్మల మీద పెరిగి వాటిని పీల్చేసే బదనిక మొక్క కూడా ఈ మంటల వల్లే అదుపులో ఉండేదని సోలిగలు చెబుతారు.

1974లో ఆ కొండలు అభయారణ్యమయ్యాయి. నిప్పు పెట్టడం నేరమైంది. ఆకు రాలడం మాత్రం ఆగదు కదా! ఏళ్ల తరబడి పేరుకున్న చోట నిప్పురవ్వ పడితే లేచేది చిన్న మంట కాదు. ఈలోగా, ఎప్పుడో 19వ శతాబ్దంలో పూల అందం కోసం మన దేశానికి తెచ్చిన లాంటానా పొద చెట్ల అడుగున అల్లుకుపోయింది. బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ సంస్థ పరిశోధకులు అక్కడ లెక్క తీస్తే, 1997లో 41 శాతం చోట్ల కనిపించిన లాంటానా 2008కి 81 శాతం చోట్ల ఉంది. మంట ఆపడం ఒక్కటే కారణమని తేల్చలేం. కానీ లేతగా ఉండగానే తరగు బెంకి దాన్ని కాల్చేసేదన్న సోలిగల మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇప్పుడు వెళ్లి అగ్గిపుల్ల గీస్తే సరిపోదు. మంట లాంటానా పొద ఆసరాతో చెట్ల తలలకు ఎక్కుతుంది. పొద కాలినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ముందు దాన్ని వేళ్లతో సహా పెకలించాలి. ఆ తర్వాతే గాలి, చెమ్మ చూసుకుని, మంట దాటకుండా చుట్టూ గడ్డీ ఆకూ తీసేసి ఫైర్ లైన్ వేసి, ముక్కలు ముక్కలుగా అంటించాలి. ఈ పనికి సోలిగలను కూలికి పిలిస్తే చాలదని నా ఉద్దేశం. ఏ రోజు అంటించాలో, ఏ వాలును వదిలేయాలో చెప్పాల్సింది కూడా వాళ్లే.