ఒంటి సిలిండరు బండిలో జడ కోలాటం

హైదరాబాదు నుంచి విజయవాడకు తరచుగా మోటారు సైకిలు మీద వెళ్లివచ్చే ఒక పాఠకుడు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. ఆయనది బ్యాలెన్సర్ (అదురును ఆపే ఎదురు బరువు) లేని పాత రకం 350 సి.సి. ఒంటి సిలిండరు బండి. సూర్యాపేట దాటేసరికి కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కి, యాక్సిలరేటర్ పట్టు తెలియకుండా పోతోందట. హ్యాండిల్‌కు స్పాంజి తొడుగులు వేయించారు, మెత్తని గ్లవ్స్ కొన్నారు, ఎవరో చెప్పారని చిక్కటి ఇంజన్ ఆయిల్ కూడా పోయించారు. అయినా అదురు తగ్గలేదు, ఇక ఏం చేయాలి అన్నది ప్రశ్న. ఆయిల్ సంగతి ముందే చెప్పేస్తాను: ఇంజన్‌లో కదిలే బరువుల పొంతన ఆయిల్ చిక్కదనంతో మారదు, కాబట్టి బండితో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు తప్ప వేరేది పోయవద్దు. తొడుగులూ గ్లవ్సూ చేతికి కొంత ఊరటనిస్తాయి గాని, అదురు పుట్టే చోటును తాకవు. ఆ చోటు తెలియాలంటే అది సెకనుకు ఎన్నిసార్లు అదురుతోందో, ఏది మారితే ఆ లెక్క మారుతోందో చూడడం అలవాటు చేసుకోవాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఎలా పనిచేస్తుందో అందరూ బడిలో చదివినదే కనుక దాన్ని వదిలేసి నేరుగా పిస్టన్ దగ్గరకు వెళదాం. పాత బుల్లెట్ 350 ఇంజన్‌లో సిలిండరు వ్యాసం 70 మి.మీ., పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 90 మి.మీ. పిస్టన్ ఊపును తిరుగుడుగా మార్చే క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి వెళ్లి ఆగి, వెనుదిరిగి, కింద ఆగి, మళ్లీ పైకి వస్తుంది. క్రాంకు వ్యాసార్ధమైన 45 మి.మీ.ను కోణీయ వేగం వర్గంతో గుణిస్తే ఆ మలుపుల దగ్గర త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 450 రెట్లని తేలుతుంది. పిస్టన్, పిన్ను, రింగులు, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ పైభాగం అన్నీ కలిపి 400 గ్రాములనుకుంటే, ఆ కాస్త బరువే ఇంజన్‌ను 180 కిలోల బలంతో ఒకసారి పైకి, ఒకసారి కిందికి లాగుతుంది. 4000 చుట్ల దగ్గర ఇది 320 కిలోలు దాటుతుంది, ఎందుకంటే ఈ బలం చుట్ల వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోపల పెట్రోలు పేలడం వల్లే బండి ఎగిరెగిరి పడుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి మండిన వాయువు పిస్టన్‌ను ఎంత బలంతో కిందికి తోస్తుందో సిలిండరు హెడ్‌ను అంతే బలంతో పైకి తోస్తుంది. ఆ రెండూ ఇంజన్‌లోనే తీరిపోయి, బయటికి మెలితిప్పే కుదుపుగా మాత్రమే తెలుస్తాయి. మన చేతిని తిమ్మిరెక్కించే అదురులో పెద్ద వాటా పిస్టన్ జడత్వానిది.

ఈ లాగుడును ఎలా ఆపాలి? దీనికి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయం నాకు యంత్రశాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైనది. దాన్ని అర్థం చేసుకోవడానికి మన జడ కోలాటం చాలు. పందిరి నడుమ నుంచి వేలాడే రంగుల తాళ్లు పట్టుకొని, కొందరు కుడివైపుకూ కొందరు ఎడమవైపుకూ తిరుగుతూ జడ అల్లడం చాలామంది చూసే ఉంటారు. ఆ తాళ్లను పందిరికి కాక, నడుమ పాతిన ఒక వెదురు గడ కొసకు కట్టామనుకోండి. ఎర్రతాడు పట్టుకున్న అమ్మాయి కుడివైపుగా, ఆకుపచ్చ తాడు పట్టుకున్న అమ్మాయి ఎడమవైపుగా, ఒకే వలయం మీద ఒకే వేగంతో, ఒకే బలంతో తాడును బిగలాగుతూ నడుస్తున్నారు. ఇద్దరూ తూర్పున కలిసి బయలుదేరారు. ఆ క్షణంలో గడను ఇద్దరూ తూర్పుకే లాగుతున్నారు. పావు వలయం నడిచేసరికి ఒకరు దక్షిణాన, ఒకరు ఉత్తరాన ఉంటారు. లాగుడుకు లాగుడు సరిపోయి గడ నిటారుగా నిలుస్తుంది. అర వలయం దగ్గర ఇద్దరూ పడమట కలుస్తారు, గడ పడమటికి వంగుతుంది. ఇద్దరూ వలయంలోనే నడుస్తున్నా గడ మాత్రం తూర్పు పడమరలుగా తప్ప ఇంకెటూ ఊగదు. అంటే, ఒక గీత మీద ముందుకూ వెనకకూ ఊగే బలం ఏదైనా, ఎదురెదురుగా తిరిగే రెండు సగం బలాల మొత్తమే.

ఇంటర్ మొదటి సంవత్సరంలో సరళ హరాత్మక చలనం అంటే ఏకరీతి వృత్తాకార చలనపు ప్రక్షేపం అని నేర్పుతారు. వృత్తమూ, దాని వ్యాసమూ, వ్యాసం మీద పడే నీడా బొమ్మ గీసి మార్కులు కూడా వేస్తారు. ఆ వృత్తమే బయట నిలబెట్టిన ప్రతి మోటారు సైకిలు లోపలి క్రాంకు అని, ఆ నీడే పిస్టన్ అని ఒక్క మాట కలిపితే ఆ పాఠం పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది. తరగతిని ఒక్క గంట మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్లాలని నేను పంతుళ్లందరినీ మనసారా కోరుతున్నాను.

తూర్పు పడమరలను ఇప్పుడు పైనా కిందా అని మార్చుకొని ఇంజన్‌లోకి వద్దాం. ఎర్రతాడు అమ్మాయి క్రాంకు తిరిగే దిక్కునే తిరుగుతోంది, ఆకుపచ్చ తాడు అమ్మాయి దానికి ఎదురు తిరుగుతోంది. క్రాంకు మీద, కనెక్టింగ్ రాడ్‌ను పట్టే క్రాంకు పిన్నుకు సరిగ్గా అవతలి వైపున ఒక బరువు పెడితే, అది ఎర్రతాడుకు ఎప్పుడూ ఎదురుగా నిలిచి నడిచే నీలం తాడు అమ్మాయి అవుతుంది. ఎంత బరువు పెట్టాలి? పిస్టన్ బరువుకు పూర్తిగా సమానమైనది పెడితే పైకీ కిందికీ లాగుడు పోతుంది గాని, పిస్టన్ నడిమికి వచ్చిన వేళ ఆ బరువు ఒంటరిగా పక్కకు లాగుతుంది. నిలువు అదురు అడ్డం అదురుగా మారుతుందే తప్ప తగ్గదు. సగం బరువు పెడితే నీలం ఎరుపును సరిగ్గా కొట్టివేస్తుంది, ఆకుపచ్చ ఒక్కటే మిగులుతుంది. బ్యాలెన్సర్ లేని పాత బళ్లలో సగమో, సగానికి కాస్త ఎక్కువో పెట్టి, మిగిలిన దాన్ని ఫ్రేముకూ, మన చేతులకూ, పిరుదులకూ వదిలేశారు. ఆ మిగిలినది క్రాంకుకు ఎదురు దిక్కున సుడి తిరిగే బలం.

దాన్ని కూడా ఆపాలంటే నాలుగో అమ్మాయి కావాలి: తెల్లతాడు పట్టుకొని, ఆకుపచ్చకు ఎప్పుడూ ఎదురుగా ఉంటూ, క్రాంకుకు ఎదురు దిక్కున తిరగాలి. క్రాంకు గేరుతో నేరుగా కలిసే ఇంకొక గేరు తనంతట తానే ఎదురు తిరుగుతుంది కనుక, అంతే పళ్లున్న గేరు ఒకటి పెట్టి, దాని కడ్డీకి ఒక పక్క బరువు తగిలిస్తే పని పూర్తవుతుంది. అదే బ్యాలెన్సర్ షాఫ్ట్. 2020 నవంబరులో మీటియార్ 350తో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 349 సి.సి. ఇంజన్‌లో ఇది ఉంది. తర్వాత క్లాసిక్‌కూ బుల్లెట్‌కూ అదే ఇంజన్ వచ్చింది. పిస్టన్ పై కొసన ఉన్నప్పుడు రెండు బరువులూ కిందికి చూస్తాయి, పిస్టన్ నడిమికి వచ్చినప్పుడు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు చూస్తూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఈ అమరిక అంతా గేర్ల మీది గుర్తులు సరిగ్గా కలవడం మీద ఆధారపడి ఉంది. 40 పళ్ల గేరు అనుకుంటే, ఇంజన్ విప్పి బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా 9 డిగ్రీల తేడా వస్తుంది, ఆకుపచ్చ బలంలో దాదాపు 16 శాతం మళ్లీ బయటపడుతుంది. ఇంజన్ పని చేయించిన మరునాటి నుంచే కొత్త అదురు మొదలైతే ముందుగా అడగవలసింది ఈ గుర్తుల గురించే.

ఇంతా చేసినా కొంత మిగులుతుంది. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా వంగడం వల్ల పిస్టన్ ఊపు అచ్చమైన హరాత్మక చలనం కాదు. రాడ్ పొడవు క్రాంకు వ్యాసార్ధానికి నాలుగు రెట్లుంటే, క్రాంకు 90 డిగ్రీలు తిరిగేసరికి పిస్టన్ తన దారిలో 50 శాతం కాదు, 56 శాతం దిగిపోతుంది. పైమలుపు దగ్గర త్వరణం నాలుగోవంతు ఎక్కువ, కింది మలుపు దగ్గర నాలుగోవంతు తక్కువ. ఈ తేడా క్రాంకుకు రెట్టింపు వేగంతో అదిరే రెండో అదురుగా వస్తుంది. 3000 చుట్ల దగ్గర అది సెకనుకు 100 సార్లు, అంటే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఝుమ్మనే పౌనఃపున్యం సరిగ్గా అదే. ఒంటి సిలిండరులో దీన్ని సాధారణంగా వదిలేస్తారు. 2018లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650లో రెండు పిస్టన్ల క్రాంకు పిన్నులను 270 డిగ్రీల ఎడంతో పెట్టారు. ఆ ఎడం రెట్టింపు వేగపు లెక్కలో సగం చుట్టు తేడాగా మారి రెండో అదుర్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మొదటి అదురుకు బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. హోండా గోల్డ్‌వింగ్‌లో 1988 నుంచి ఉన్న ఎదురెదురు ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఈ రెండు అదుర్లూ వాటంతటవే రద్దవుతాయి.

అదురును పుట్టనివ్వకుండా చేయలేనప్పుడు దారిలో అడ్డుకోవాలి. 1967లో బయటపెట్టిన నార్టన్ కమాండో అనే బ్రిటిష్ మోటారు సైకిలు దీనికి మేలైన ఉదాహరణ. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక చక్రం పట్టుకునే స్వింగ్ ఆర్మ్ అన్నిటినీ ఒకే ముద్దగా కలిపి, ఆ ముద్దను రబ్బరు బుష్షుల మీద ఫ్రేములో వేలాడదీశారు. రబ్బరుకు ఒక షరతు ఉంది: దాని సహజ పౌనఃపున్యానికి (తట్టి వదిలితే ఆ ముద్ద తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కకు) 1.4 రెట్ల పైన మాత్రమే అది అదురును తగ్గిస్తుంది, కింద పెంచుతుంది. సహజ పౌనఃపున్యం సెకనుకు 20 సార్లయితే, 4000 చుట్ల దగ్గర అదురులో పదో వంతే ఫ్రేముకు చేరుతుంది. ఐడ్లింగ్‌లో మాత్రం ఇంజన్, పెట్టెలో పడ్డ పిట్టలా కొట్టుకుంటుంది. నార్టన్‌లో ఆ బుష్షుల పక్క సందును పలుచని ఉక్కు బిళ్లలతో సర్దాలి. సందు మూసుకుపోతే అదురు నేరుగా మనిషికి చేరుతుంది, ఎక్కువైతే మలుపుల్లో బండి వెనకభాగం ఊగుతుంది. ఆ బండిని పోషించేవారికి ఆ సందును కొలవడం ఆయిల్ మార్చడమంత మామూలు పని.

హ్యాండిల్‌కూ సొంత పౌనఃపున్యం ఉంటుంది. అద్దంలో వెనకవచ్చే లారీ బొమ్మ 70 దగ్గర నిలకడగా ఉండి, 80 దగ్గర చెదిరిపోయి, 90 దగ్గర మళ్లీ కుదురుకుంటే అది అనునాదం, అంటే ఇంజన్ అదురు హ్యాండిల్ సొంత పౌనఃపున్యంతో కలిసి పెద్దదవడం. హ్యాండిల్ కొసల్లో ఇనుప బరువులు బిగిస్తే ఆ పౌనఃపున్యం కిందికి, మనం ఎక్కువసేపు ఉండని వేగానికి జరుగుతుంది. చెయ్యి ఊగే మేర కూడా తగ్గుతుంది. హ్యాండిల్ మీద ఫోన్ బిగించుకునేవారు ఇంకొకటి గమనించాలి. పెద్ద మోటారు సైకిలు ఇంజన్ల అదురు ఫోన్ కెమెరాలోని స్థిరీకరణ భాగాలను పాడుచేయవచ్చని 2021 సెప్టెంబరులో యాపిల్ సంస్థే హెచ్చరించింది.

ఇప్పుడు ప్రశ్న అడిగిన పాఠకుడికి నేను రాసి పంపిన పరీక్ష చెబుతాను. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల వేగం నిలిపి, చేతికి తెలిసే అదురును గుర్తు పెట్టుకోవాలి. అదే వేగంలో ఒక గేరు దించి మళ్లీ చూడాలి. అదురు తీరు మారితే అది ఇంజన్‌ది, మారకపోతే చక్రాలదో చైనుదో. చక్రాన్ని తక్కువగా చూడకూడదు: రిమ్ము మీద ఒక పక్క 30 గ్రాములు ఎక్కువైనా, 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 13 సార్లు, దాదాపు 5 కిలోల బలంతో చక్రాన్ని లాగుతుంది. కొత్త టైరు వేసినప్పుడల్లా బ్యాలెన్సింగ్ అడిగి చేయించుకోవాలి, స్పోకుల చక్రమైతే వదులైన స్పోకులు బిగింపించి రిమ్ము వంకర తీయించాలి.

చైను సంగతి ఇంకా సూక్ష్మం. 15 పళ్ల ముందు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) చైనుకు వృత్తం కాదు, 15 భుజాల బహుభుజి. అందువల్ల ఇంజన్ ఒకే వేగంతో తిరుగుతున్నా చైను వేగం ప్రతి పన్నుకూ 2 శాతం పైగా హెచ్చుతగ్గులవుతుంది. చైను సాగి, కొన్ని లింకులు బిగుసుకుపోయి ఉంటే ఆ హెచ్చుతగ్గులు కాళ్ల కింద గరగరగా తెలుస్తాయి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక చక్రం ఇరుసు మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. వెనక మనిషీ, సామానూ ఎక్కితే బండి సరిగ్గా ఆ గీతకు దిగుతుంది. ఖాళీ బండికి బిగుతుగా సర్దిన చైను ప్రయాణం రోజున తీగలా లాగి బేరింగులను తినేస్తుంది కనుక పుస్తకంలో చెప్పిన వదులు ఉంచి తీరాలి. 500 కిలోమీటర్లకు ఒకసారి, బండి ఆగిన వెంటనే చైను ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ఇంజన్ ఆపివేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ 90 నంబరు గేర్ ఆయిలో, చైను స్ప్రేనో పట్టించాలి. రబ్బరు రింగులున్న చైనును పెట్రోలుతో కడిగితే ఆ రింగులు చెడిపోతాయి.

దసరాకు బండికి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టే ఆచారం మన ఇళ్లన్నిటా ఉంది. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. నిమ్మకాయ నట్టును పట్టి ఉంచదు కనుక, బండిని శుభ్రంగా కడిగిన ఆ పూటే ఇంజన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులన్నీ ఒకసారి చూడమని కోరుతాను. బోల్టు ఎందుకు వదులవుతుందో 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు చూపించాడు. బోల్టు పొడవునా లాగే అదురుకంటే, బిగించిన రెండు భాగాలను పక్కకు జార్చే అదురు దాన్ని చాలా తేలికగా విప్పుతుంది. భాగాలు జారనంత గట్టిగా బిగిస్తే బోల్టు వదులు కాదు. కాస్త తక్కువ బిగిస్తే ఒక్కో జారుడుకూ వెంట్రుకవాసి తిరుగుతూ వస్తుంది. అందుకే చేతి అంచనా చాలదు, నిర్ణయించిన బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచి కావాలి. బిగించాక నట్టు మీద నుంచి ఫ్రేము మీదికి పెయింటుతో ఒక సన్నని గీత గీస్తే, ఆ గీత విరిగిన రోజున నట్టు తిరిగిందని కంటికే తెలుస్తుంది.

గేరు మార్చినప్పుడు అదురు మారిందని ఆ పాఠకుడు తిరిగి రాశారు. అప్పుడు ఫౌండేషన్ బోల్టుల ఫోటోలు పంపమన్నాను. మూడు శుభ్రంగా ఉన్నాయి. వెనక కింది బోల్టు వాషరు చుట్టూ మాత్రం ఇటుక పొడి చల్లినట్టు ఎర్రని మెత్తటి పొడి, దాని కింద అద్దంలా మెరుస్తున్న ఇనుము కనిపించాయి; లోహం లోహం మీద రోజూ రవ్వంత జారుతూ అరిగితే వచ్చే తుప్పు అది. టార్క్ రెంచి టక్కుమనేలోపు ఆ నట్టు దాదాపు పావు చుట్టు తిరిగిందట. ఇప్పుడు తిమ్మిరి సూర్యాపేట దగ్గర కాక కోదాడ దాటాక మొదలవుతోందని రాశారు. ఆ మిగిలినది ఆకుపచ్చ తాడుది. దానికి హ్యాండిల్ కొసల బరువులు ప్రయత్నించమని, ఒక్కొక్క బరువు మార్చినప్పుడల్లా అద్దం ఏ వేగంలో చెదురుతోందో రాసుకోమని చెప్పాను.